మైలతుత్తం వేయని పుస్తకం

చిన్న ప్రచురణ సంస్థ పెడదామనుకుంటున్నాం, సలహా కావాలి అంటూ ఏడాదికి ఇద్దరో ముగ్గురో నా దగ్గరికి వస్తుంటారు. పాతికేళ్ళ పిల్లలు. కాగితం ఎక్కడ కొనేవారు, అట్టకి గుడ్డ ఎలా అంటించేవారు, కుట్టుకి ఏ దారం వాడేవారు అని అడుగుతారు. అన్నీ చెబుతాను. కాఫీ కూడా ఇస్తాను. వెళ్ళేముందు వాళ్ళలో ఒకరు తప్పకుండా, "మీరు చేసినవాటిలో మీకు బాగా నచ్చిన పుస్తకం ఏది మేడమ్?" అంటారు. ఏదో ఒక పేరు చెప్పి పంపేస్తాను. నిజానికి నాకు రోజూ గుర్తొచ్చే పుస్తకం ఒకటే. దాన్ని మేం చేసిన రూపంలో ఎవరూ చదవలేదు. పురుగులు తినేశాయి.

ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. చెప్పినప్పుడల్లా అబద్ధం చెప్పాను. అరవై తొమ్మిదేళ్ళు వచ్చాయి, ఇంక అబద్ధాలు గుర్తుపెట్టుకునే ఓపిక లేదు కాబట్టి ఈసారి నిజం రాస్తున్నాను. ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు చదువుకుంటే చాలు.

మాది కృష్ణా జిల్లా. నాన్నకి పోర్టులో ఉద్యోగం వస్తే ఈ ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయాం. నేను ఇరవై మూడేళ్ళు ఒక ఆఫీసులో టైపు చేశాను. ఎవరూ చదవని రిపోర్టులు, ఎవరూ తెరవని ఫైళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. దానికి పెద్ద కథేమీ లేదు, కుదరలేదు అంతే. నలభై ఆరో ఏట ఆ ఉద్యోగం మానేసి, గోపాలపట్నంలో హైవేకి రెండు వీధుల లోపల ఒక మేడ కింది భాగం అద్దెకు తీసుకుని బోర్డు పెట్టాను. ఏడాదికి రెండు పుస్తకాలు. ఒక్కోటి రెండువందల యాభై ప్రతులు. పేజీలు బయట ప్రెస్సులో అచ్చు వేయించేదాన్ని. మడత పెట్టడం, కుట్టడం, అట్ట కట్టడం అంతా మా గదిలో, చేత్తో. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు బోర్డు మీద 'ప్రచురణలు' అని ఉండేది కానీ లోపల ఉన్నది ఇద్దరమే.

రెండో మనిషి బైండరు. భీమిలి ఆయన. ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు పుస్తకాలు కుట్టి కుట్టి రిటైరయ్యాడు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే బస్సెక్కి, బస్సుల కాంప్లెక్సు దగ్గర ఇంకో బస్సు మారి, పదింటికల్లా వచ్చేవాడు. చేతిలో ఒక గుడ్డసంచి, అందులో టిఫిన్ క్యారేజీ. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. అయినా అప్పట్లో 'నువ్వు' అనేదాన్ని. ఆయన నన్ను 'అమ్మా' అనేవాడు. అందులో విడ్డూరం ఏమీ లేదన్నట్టే ఇద్దరం తొమ్మిదేళ్ళు గడిపాం.

ఇంకొకటి కూడా చెప్పేయాలి. ఆయన క్యారేజీలో ఎప్పుడూ చేపల పులుసు ఉండేది. వాసన కాగితానికి పడుతుందని, బయట వరండాలో కూర్చుని తినమని మొదటివారమే చెప్పాను. ఎండైనా వానైనా వరండాలోనే తిని, కుళాయి దగ్గర సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, వేళ్ళు వాసన చూసుకుని మరీ లోపలికి వచ్చేవాడు. నేను లోపల ఫ్యాను కింద పెరుగన్నం తింటూ, మా బైండరు ఎంత శుభ్రమైన మనిషో అని మురిసిపోయేదాన్ని.

పనిలో మేం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. నేను కిటికీ దగ్గర ప్రూఫులు దిద్దుకుంటుంటే ఆయన కింద చాప మీద కూర్చుని ఎముక బద్దతో మడతలు నొక్కేవాడు. దారానికి మైనం పట్టించి కుట్టేవాడు. కుట్టిన కట్టని చెక్క సుత్తితో నెమ్మదిగా కొట్టి వెన్ను గుండ్రంగా తిప్పేవాడు. టక్, టక్, టక్, మళ్ళీ కాస్త ఆగి టక్. ఆ చప్పుడు వింటుంటే లోకంలో అంతా ఒక పద్ధతి ప్రకారం నడుస్తోందనిపించేది. ఆ రోజుల్లో నాకు స్నేహితులు లేరు. ఉన్నారనుకునేదాన్ని, ఎందుకంటే వారానికి మూడు రోజులు ఆ చప్పుడు ఉండేది.

మా ప్రతి పుస్తకం చివరి పేజీలో నాలుగు లైన్లు వేసేదాన్ని. కాగితం ఏ రకం, అక్షరం ఏ సైజు, దారం ఎక్కడిది, ఎన్ని ప్రతులు. మూడో పుస్తకం చేతికి వచ్చినప్పుడు ఆయన ఆ పేజీ చదివి, తల గోక్కుంటూ అన్నాడు.

"అమ్మా, కాయితం పేరేసినారు, దారం పేరేసినారు. కుట్టినోడి పేరు కూడా ఏస్తే తప్పేటి?"

"తప్పేం లేదు. వచ్చే పుస్తకంలో వేద్దాం," అన్నాను.

వచ్చే పుస్తకంలో మర్చిపోయాను. ఆ తర్వాతిదాంట్లో పేజీ చాలలేదు. ఆ తర్వాత ఆయన అడగడం మానేశాడు. అడగకపోతే ఆశ పోయిందని అనుకుంటాం, అది మన సౌకర్యం.

పద్దెనిమిదో పుస్తకం రాసినాయన పోర్టులో క్రేను నడిపి రిటైరైన పెద్దమనిషి. ఈ తీరంలో వేటకి వెళ్ళేవాళ్ళు గాలులకీ నీటివాలుకీ పెట్టుకున్న పేర్లన్నీ నలభై ఏళ్ళు తిరిగి పోగుచేశాడు. ఏ గాలికి వల వేస్తారు, ఏ గాలికి పడవ ఒడ్డుకి లాగేస్తారు, ఏ గాలి వస్తే ఆడవాళ్ళు ఒడ్డు మీదికొచ్చి నిలబడతారు, అన్నీ. చదువుతుంటే చెవి దగ్గర గాలి కొట్టినట్టుండేది. దీన్ని నా జన్మలో చేసిన అన్నిటికన్నా అందంగా చేయాలని పంతం పట్టాను. నీలిమందు రంగు గుడ్డ అట్ట. లోపల అట్టకీ పేజీలకీ మధ్య అంటించే కాగితం మాత్రం మల్లెపూవంత తెలుపు. ఆ తెలుపు కోసం మూడు ఊళ్ళు తిరిగాను.

బైండరు ముందుగా ఒక మచ్చు ప్రతి కట్టి తెచ్చిచ్చాడు. కిటికీ దగ్గర వెలుగులో తెరిచి చూశాను. అట్ట మడత పడే చోట, ఆ తెల్ల కాగితం మీద సన్నగా ఆకుపచ్చటి జీర కనిపించింది. దారప్పోగంత. ఇంకొకళ్ళయితే చూసేవాళ్ళే కాదు.

"ఇదేమిటి, పచ్చగా?"

"ఏటమ్మా, అది సూసి బయపడతన్నారా? మైలతుత్తం అది. మైదా ఉడికేటప్పుడు సిటికెడు ఏత్తాను. పురుగు ముట్టదు."

ఆయన సంచిలో ఒక పాత పౌడరు డబ్బా ఉండేది. అందులో నీలంగా మెరిసే మైలతుత్తం పలుకులు. అట్టలంటించే మైదా పేస్టు ఉడికించేటప్పుడు దానికోసమే వేరుగా ఉంచుకున్న చెంచాతో కాస్త తీసి వేసేవాడు. విషం కాబట్టి ఆ చెంచా ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అంతకుముందు పదిహేడు పుస్తకాలూ ఆ పేస్టుతోనే కట్టాడు. వాటిలో రంగు కాగితాలు వాడాను కాబట్టి నా కంట పడలేదు.

"ఈ పుస్తకానికి వద్దు. తెల్ల కాగితం మీద మరకలా ఉంది."

"మరక కాదమ్మా, కాపలా అది."

"బయటి దేశాల్లో పెద్ద పెద్ద బైండర్లు వట్టి పిండితోనే చేస్తారు. నేను చదివాను."

చదివిన మాట నిజమే. చలిదేశంలో ఎవరో మహానుభావుడు రాసిన వ్యాసం ఇంటర్నెట్టులో చదివి, ప్రింటు తీసి గోడకి అంటించుకున్నాను కూడా. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందంటారు చూడండి, ఆ కూసే గాడిదని నేను.

"ఆ దేశాల్లో మన వాన పడతాదేటమ్మా? మన ఉక్క ఉంటాదేటి? ఆషాడం వొచ్చీసిందంటే గోడలే సెమ్మగిల్లిపోతాయి. వట్టి మైదా అంటే పురుక్కి అన్నం ఎట్టినట్టే."

"నా పుస్తకం ఇది. నేను చెప్పినట్టు చెయ్యి."

ఆ మాట గొంతు పెంచి అన్నాను. ఆయన పౌడరు డబ్బా మూత బిగించి సంచిలో వేసుకున్నాడు.

"సరేనమ్మా. మీ ఇట్టం."

మచ్చు ప్రతిని అవతల పారేయమన్నాను. రెండువందల యాభై ప్రతులూ వట్టి మైదాతో కట్టాడు. తెల్లగా, మచ్చ లేకుండా, చూస్తే దిష్టి తగిలేట్టు వచ్చాయి. ఎండలు ముగిసేసరికి పని అయిపోయింది. నాకొక అలవాటుండేది. ప్రతి పుస్తకాన్నీ పల్చటి కాగితంలో చుట్టి, దారంతో కట్టి, ముడి మీద ఎర్ర లక్కతో ముద్ర వేసేదాన్ని. ఆ ముద్ర పాఠకుడే విప్పాలి, అంతకుముందు ఎవరూ తెరవకూడదని నా నియమం. అలా అన్నిటికీ ముద్రలు వేసి వెనకగదిలో బీరువాలో పెట్టి తాళం వేశాను.

చివరి పేజీలో ఆయన పేరు వేయడం ఈసారి కూడా మర్చిపోయాను. అచ్చయి వచ్చిన కాగితాలు చూశాక గుర్తొచ్చి నిజంగానే సిగ్గేసింది. ఆయనతో అన్నాను, "పోనీ, ఆవిష్కరణ సభలో నీ పేరు మైకులో చెప్పి శాలువా కప్పిస్తాను. నీ భార్యని కూడా తీసుకురా." ఆయన నవ్వేశాడు కానీ ఆ పూట పని చేస్తున్నంతసేపూ ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాడు.

వారంలో సభ పెట్టాల్సింది. ఇంతలో పుస్తకం రాసినాయన ఇంట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. "నా కాళ్ళ మీద నిలబడి అందుకుంటానమ్మా నా పుస్తకం," అని కబురు పంపాడు. కాదనలేకపోయాను. ఆషాఢం వెళ్ళింది, శ్రావణం వెళ్ళింది, భాద్రపదంలో ముసురు పట్టి పదిరోజులు వదల్లేదు. ఒక బుధవారం బైండరు బీరువా వైపు చూస్తూ అన్నాడు.

"ఒక్కటి ఇప్పి సూద్దామా అమ్మా?"

"ముద్ర పాడైపోతుంది," అన్నాను.

దసరా వెళ్ళాక, ద్వారకా నగర్‌లో ఒక చిన్న హాల్లో, సాయంత్రం సభ. అరవైమంది దాకా వచ్చారు. నాకు అదే జనసముద్రం. రచయిత చేతికర్ర పట్టుకుని వేదిక ఎక్కాడు. ముఖ్య అతిథిగా ఒక రిటైర్డు ప్రిన్సిపాలు గారు. కుర్చీ మీద మడత విప్పని శాలువాలు మూడు. ఆఖరి వరసలో బైండరు, ఆయన భార్య. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అంత దూరం నుంచి కూడా కొత్త చొక్కా అని తెలుస్తోంది.

అతిథిగారు ముద్ర విరిచి, దారం తీసి, చుట్టిన కాగితం విప్పారు. నీలం అట్ట చూసి ముందు వరసలో వాళ్ళు 'ఆహా' అన్నారు. ఆయన అట్ట తెరిచారు. తెరవగానే వెండి రంగు పురుగొకటి జర్రున ఆయన బొటనవేలి మీదుగా పాకింది. ఆయన ఉలిక్కిపడి చేయి విదిల్చారు. ఆ విదిలింపుకి పేజీల కట్ట అట్టలోంచి ఊడి బల్ల మీద పడింది. నా మల్లెపూవు కాగితం మడత పొడవునా జల్లెడైపోయి ఉంది.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఇంకో ప్యాకెట్ విప్పాను. అదీ అంతే. ఇంకోటి. దాంట్లో పురుగుకి తోడు బూజు. ఐదోది విప్పాక ఆరోదాని జోలికి పోలేదు. రచయిత ఊడిపోయిన కట్టని చేతుల్లోకి తీసుకుని, పేజీలు పోకుండా పట్టుకుని కూర్చున్నాడు.

అతిథిగారు నెమ్మదిగానే అడిగారు కానీ ముందున్న మైకు ఆ మాట అందరికీ వినిపించింది. "బైండింగ్ ఎవరు చేశారమ్మా?"

ఇక్కడ ఒక్క క్షణం ఉంది. ఆ క్షణంలో నాకు అంతా తెలుసు. పౌడరు డబ్బా తెలుసు, గోడ మీది వ్యాసం తెలుసు, 'నా పుస్తకం ఇది' అన్న గొంతూ తెలుసు. తెలియక అన్నానని చెప్పుకోవడానికి లేదు. మైకు దగ్గరికి లాక్కుని, ఆయన పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా.

పేరు వినగానే ఆఖరి వరసలో ఆయన లేచి నిలబడ్డాడు.

అందరి ముందూ నిజం చెప్పేయడానికే లేచాడనుకున్నాను. అందుకే ఆయన నోరు తెరవకముందే గబగబా అనేశాను, "తొమ్మిదేళ్ళు నమ్మాను ఈయన్ని. పేస్టు కూడా సరిగ్గా చేయడం చేతకాకుండా నా పుస్తకాన్ని నాశనం చేస్తాడనుకోలేదు."

అరవై తలలు వెనక్కి తిరిగాయి. ఆయన ఒక చేత్తో చొక్కా కాలరు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. భార్య మెల్లగా చొక్కా పట్టుకుని లాగితే కూర్చున్నాడు. సభ ముగిసేసరికి ఆ రెండు కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి. ఆడలేక మద్దెల ఓడన్న సామెత చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. మద్దెలకి ప్రాణం ఉంటే ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు.

రచయిత నన్నేమీ అనలేదు. "గాలున్నంతకాలం దాని పేర్లు ఎక్కడికీ పోవమ్మా," అని నన్నే ఓదార్చాడు. తర్వాత ఇంకో ప్రెస్సులో పిన్నులు కొట్టించి మామూలు పుస్తకంగా వేసుకున్నాడు. అది బాగానే అమ్ముడుపోయిందట.

సోమవారం పదయింది. పదిన్నరయింది. ఆయన రాలేదు. వస్తాడని నేనూ అనుకోలేదు, అయినా గేటు చప్పుడైనప్పుడల్లా తలెత్తాను. బుధవారం రాలేదు. శుక్రవారం, చాప మీద అలాగే ఉన్న పనిముట్లన్నీ ఆయన చెక్కపెట్టెలో సర్ది, మూత వేసి మూలన పెట్టాను. మర్నాడైనా వెళ్ళి ఉండాల్సింది. గోపాలపట్నం నుంచి భీమిలికి ఎంత దూరం? రెండు బస్సులు. ఆ ముసలాయన వారానికి మూడుసార్లు రానూపోనూ తిరిగిన దూరమే. నేను మాత్రం ఒక్కసారి వెళ్ళడానికి పద్నాలుగేళ్ళు తీసుకున్నాను.

ఎవరైనా అడిగితే, "వయసైపోయింది, చేతకాక మానేశాడు," అనేదాన్ని. కొన్నాళ్ళకి అచ్చు వేసే ప్రెస్సాయన చెప్పాడు, "ఆ సభ తర్వాత మీ బైండర్ని ఎవరూ పిలవట్లేదండీ. వకీళ్ళ పుస్తకాలు కుట్టేవాడు కదా, ఆ పనీ పోయింది. మీరే అలా అన్నారంటే ఇంకెవరు నమ్ముతారు?" విని, 'అయ్యో' అన్నాను. 'అయ్యో' అని ప్రూఫులు తీసుకుని వచ్చేశాను.

తర్వాత రెండేళ్ళు నడిపాను. మిషను మీద జిగురు పెట్టించి మూడు పుస్తకాలు వేశాను. ఎవరూ వంక పెట్టలేదు. వంక పెట్టేంత దగ్గరగా చూసే మనిషే లేడు మరి. ఒకరోజు బోర్డు దింపేసి, అదే ఇంట్లో వట్టి కిరాయిదారుగా ఉండిపోయాను. ఒంటరితనం అంటే మనుషులు లేకపోవడం అనుకునేదాన్ని. మనుషులు లేకపోయినా ఆఫీసులో ఇరవై మూడేళ్ళు బాగానే బతికాను కదా. ఇది అది కాదు. పదింటికి చెవి దానంతటదే సుత్తి చప్పుడు కోసం ఎదురుచూస్తుంది. హైవే మీద లారీలు పోతాయి, పై ఇంట్లో కుక్కరు కూస్తుంది, ఆ ఒక్క చప్పుడు రాదు. రాకుండా చేసింది నేనేనని తెలిసి కూర్చోవడం ఎలా ఉంటుందంటే, నాకు చాలా దిగులుగా ఉండేది. ఇంతకన్నా గొప్ప మాటలు నాకు తెలియవు.

నిరుడు ఇల్లుగలాయన మేడ పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టిస్తానని ఖాళీ చేయమన్నాడు. సామాన్లు సర్దుతుంటే చెక్కపెట్టె చేతికొచ్చింది. సర్ది మూత వేసిన రోజు తర్వాత దాన్ని నేను తెరవలేదు. భయం. ఈసారి తెరిచి, పనిముట్లు ఒక్కొక్కటీ బయటపెట్టాను. అడుగున, సర్దేటప్పుడు నేను కదపని పాత తువ్వాలు మూట ఉంది. విప్పితే మచ్చు ప్రతి. పారేయమని నేను చెప్పినది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తెరిచాను. నీలం అట్ట కాస్త వెలిసింది. లోపల కాగితం కొంచెం పసుపెక్కింది. పురుగు జాడైనా లేదు. మడత దగ్గర ఆ పచ్చటి జీర అలాగే ఉంది. అప్పుడు కూర్చుని ఏడ్చాను.

మర్నాడే పెట్టె, పుస్తకం తీసుకుని భీమిలి బస్సెక్కాను. సముద్రం వైపు సందులో అడుగుతూ వెళ్తే ఇల్లు దొరికింది. అరుగు మీద ఆయన భార్య బియ్యం చెరుగుతోంది. చేట పక్కన పెట్టి నావైపు కాసేపు చూసింది.

"ఓలమ్మ, మీరా," అని, లోపలికి కేకేసింది. "ఏటయ్యా, పుస్తకాలమ్మగోరొచ్చినారు."

ఆయన నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. కళ్ళు నా అడుగుల చప్పుడు వచ్చిన వైపు తిరిగాయి గానీ నా మీద నిలవలేదు.

"కూకోండమ్మా. సూపు ఆనట్లేదు నాకు. బాగున్నారా?"

పెట్టె ఆయన పక్కన పెట్టాను. మూత తీసి ఒక్కొక్క పనిముట్టూ తడిమి చూసుకున్నాడు. ఎముక బద్ద, దబ్బనం, సుత్తి. అన్నీ ఉన్నాయన్నట్టు తలాడించాడు. అప్పుడు పుస్తకం చేతిలో పెట్టాను. అట్ట మీద అరచేయి రాశాడు. తెరిచి, మడతలో బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి లాగాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఇది మొదటిది. మీరు వద్దన్నది."

"అవును."

"పురుగు ముట్టిందేటి?"

"లేదు."

నా మాట చాల్లేదు. పుస్తకం భార్యకిచ్చాడు. "సూడే, ఎక్కడైనా కన్నముందేటో సరిగ్గా సూడు."

ఆమె వాకిట్లోకి తీసుకెళ్ళి, ముందూ వెనకా తిప్పి చూసింది. "లేదయ్యా. కొత్తదానిలాగుంది."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "పద్నాలుగేళ్ళ నుంచి అనుమానమమ్మా నాకు. తుత్తం ఎయ్యకే పోనాయా, నా సెయ్యే తప్పిందా అని. రాత్రుళ్ళు అదే తలుసుకునీవోడిని. ఇది మీకాడే ఉండిపోనాది కదా, సూసుకోడానికి లేకపోయింది."

పద్నాలుగేళ్ళూ ఆ జవాబు మా ఇంట్లో మూలన పెట్టెలో ఉంది.

"తప్పు నాది," అన్నాను. "వద్దన్నది నేను. అందరి ముందూ మిమ్మల్ని అన్నదీ నేనే." మీరు అని అప్పుడే మొదటిసారి అన్నాను.

"మీరు వద్దన్నా ఎయ్యవలసింది నాను. సిటికెడేస్తే మీకు తెలిసీదేటి? మాటిచ్చినాను కదా అని మానీసినాను. ఆ తప్పు నాది."

"మరి ఆ రోజు సభలో లేచి నిలబడ్డారు కదా. ఎందుకు చెప్పలేదు? నేనలా అంటుంటే ఎందుకు ఊరుకున్నారు?"

ఆయన తల దించుకున్నాడు. భార్య జవాబు చెప్పింది. గొంతులో కోపం కూడా లేదు.

"సెప్పడానికి లేసినాడనుకున్నారేటమ్మా? మైకులో పేరు పిలిసినారు కదా. శాలువా కప్పుతారని లేసినాడు."

ఆమె లేచి లోపల పీటలు వేసి కంచాలు పెట్టింది. చేపల పులుసు. నేను నీచు తినను, వాళ్ళకా సంగతి తెలుసు. పక్కన నాకోసం పెరుగు గిన్నె కూడా ఉంది. ఆయన పక్కనే కూర్చుని పెరుగన్నం తిన్నాను.

తిన్నాక, ముందే అనుకుని వెళ్ళిన మాట చెప్పాను. ఒక్క కాగితం అచ్చు వేయిస్తాను. ఆయన పేరు, ఆ పుస్తకానికి ఏం జరిగింది, తప్పెవరిది, అన్నీ. మా పుస్తకాలున్న లైబ్రరీలకీ ఇళ్ళకీ తిరిగి ప్రతి పుస్తకంలోనూ ఆఖరున అంటిస్తాను. అదే హాల్లో మనుషుల్ని పిలిచి మైకులో చెబుతాను. ఎక్కడ చెప్పమంటే అక్కడ ఆయన పేరు చెబుతాను.

ఆయన పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ విన్నాడు. అంతా అయ్యాక నెమ్మదిగా అన్నాడు.

"జరిగింది రాసుకుంటే రాసుకోండమ్మా. పిల్లలకి పనికొస్తాది, తుత్తం సంగతి తప్పకుండా రాయండి. పేరు మాత్రం వద్దు. నా పేరు మీరొకపాలి సెప్పినారు. మళ్ళీ సెప్పొద్దు."

నేను లేచి వస్తుంటే, "ఈ బుక్కు నాకొగ్గీండి," అన్నాడు. వదిలేశాను. ఖాళీ సంచి ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చేశాను.

అందుకే పిల్లలూ, మైదా ఉడికించేటప్పుడు చిటికెడు మైలతుత్తం వేయండి, చెంచా వేరుగా ఉంచుకోండి. ఇందులో ఆయన పేరు రాయలేదు. రచయిత పేరు, అతిథిగారి పేరు, చివరికి నా పేరూ మా సంస్థ పేరూ కూడా ముందు రాసి తర్వాత కొట్టేశాను. అందరి పేర్లూ ఉండి ఆయనొక్కడిదే లేకపోవడం, ఇంకోసారి నా వల్ల కాలేదు.